పంపిన మెయిల్‌ను మరొకరికి మళ్ళీ పంపాలంటే: కవరు మార్చండి, ఉత్తరాన్ని తాకకండి

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. గుంటూరు మిర్చి యార్డులో మీ కమిషన్ వ్యాపారానికి సొంత డొమైన్, సొంత లినక్స్ సర్వర్ ఉన్నాయి. అందులో మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్ పెట్టెలను చూసుకునే డవ్‌కాట్ అనే ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయి, మెయిళ్ళు మెయిల్‌డిర్ పద్ధతిలో, అంటే ప్రతి ఉత్తరమూ విడి ఫైలుగా, దాచి ఉన్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి కొనుగోలుదారులకు మీరు పంపిన 312 బిల్లుల మెయిళ్ళను, ఏ తేదీన ఎవరి నుంచి ఎవరికి వెళ్ళాయో ఆ వివరాలు చెదరకుండా, విజయవాడలో కొత్తగా కుదుర్చుకున్న ఆడిటర్ గారికి చేర్చాలి. వెబ్‌మెయిల్‌లో ఒక్కొక్కటీ ఫార్వర్డ్ చేస్తే తేదీ ఈరోజుది పడుతోంది, అసలు చిరునామాలు ఉత్తరం మధ్యలోకి దిగిపోతున్నాయి. సర్వర్ నుంచి మెయిల్ పంపే సెండ్‌మెయిల్ కమాండ్‌కు మైనస్ టీ అనే ఆప్షన్ ఇచ్చి ఫైలును అందిస్తే సరిపోతుందని మీ మిత్రుడు ఒకరు సలహా ఇచ్చారు. అది చేయవచ్చా అని మీరు అడిగారు.

దయచేసి అది చేయవద్దు. మైనస్ టీ అంటే ఉత్తరం లోపల ఎవరి పేర్లు రాసి ఉంటే వారందరికీ పంపమని అర్థం. 312 బిల్లులూ మీ కొనుగోలుదారులందరికీ రెండోసారి వెళ్ళిపోతాయి, ఆడిటర్ గారికి మాత్రం ఒక్కటీ చేరదు. మీకు కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం: లోపల ఎవరి పేరు ఉన్నా పట్టించుకోకుండా, నేను చెప్పిన ఒక్క చిరునామాకే చేర్చమనడం. అందుకు ఆ చిరునామాను కమాండ్ చివర నేరుగా రాస్తే చాలు. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు పలికి రాస్తున్నాను, మీరు వాటిని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో టైపు చేసుకోండి: సెండ్‌మెయిల్, ఖాళీ, మైనస్ ఐ, ఖాళీ, మైనస్ ఎఫ్, ఖాళీ, మీ సొంత చిరునామా, ఖాళీ, ఆడిటర్ గారి చిరునామా, ఆపైన 'కంటే తక్కువ' గుర్తు, చివరగా ఉత్తరం ఉన్న ఫైలు పేరు. అసలు పని ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క వరుస ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో వివరించడానికి రాస్తున్నాను, ఎందుకంటే 312 మెయిళ్ళు ఒక్కసారి బయటికి వెళ్ళాక వెనక్కి పిలిచే మార్గం లేదు.

ఇల్లు మారిన వారికి పాత చిరునామాకు ఉత్తరం వస్తే పోస్ట్‌మాన్ ఏం చేస్తారో గుర్తుచేసుకోండి. కవరు విప్పరు, లోపలి కాగితం చదవరు, పై చిరునామాను కొట్టివేసి పక్కన కొత్తది రాసి మళ్ళీ సంచిలో వేస్తారు. మెయిల్‌కు కూడా సరిగ్గా ఇలాంటి కవరు ఒకటి ఉంది, కానీ అది మన కంటికి కనబడదు. ఒక సర్వర్ మరొక సర్వర్‌తో మాట్లాడేటప్పుడు మెయిల్ ఫ్రమ్ అని పంపేవారి చిరునామాను, ఆర్‌సీపీటీ టూ అని అందుకునేవారి చిరునామాను విడిగా చెబుతుంది, ఆ తరువాతే డేటా అని చెప్పి ఉత్తరం మొత్తాన్ని అందిస్తుంది. బట్వాడా జరిగేది ఆ ఆర్‌సీపీటీ టూ ప్రకారమే. తెర మీద మనకు కనిపించే ఫ్రమ్, టూ, సీసీ వరుసలు ఉత్తరం తలకట్టులో (హెడర్లలో) రాసుకున్నవి మాత్రమే, వాటికీ బట్వాడాకూ సంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు. ఇతరులకు కనబడకుండా ప్రతి పంపే బీసీసీ పనిచేసేది ఈ ఏర్పాటు వల్లనే. ఇంటర్నెట్ ప్రమాణాలను రాసిపెట్టే ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల్లో, కవరు సంగతి ఆర్‌ఎఫ్‌సీ 5321లోను, ఉత్తరం సంగతి ఆర్‌ఎఫ్‌సీ 5322లోను ఉన్నాయి. రెండూ 2008 అక్టోబరులో వచ్చినవే, రెండింటినీ వేరువేరు పత్రాలుగా ఉంచడంలోనే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మైనస్ ఐ ఎందుకంటే, ఉత్తరంలో ఎక్కడైనా ఒక వరుసలో ఒక్క చుక్క మాత్రమే ఉంటే ఉత్తరం అక్కడితో ముగిసిందని సెండ్‌మెయిల్ అనుకుంటుంది. ఆ ఆప్షన్ ఇస్తే ఫైలు చివరి దాకా చదువుతుంది. మైనస్ ఎఫ్ తరువాత తప్పనిసరిగా మీ డొమైన్‌లోని చిరునామానే ఇవ్వండి. ఆడిటర్ గారి పెట్టె నిండిపోయి మెయిల్ తిరిగివస్తే అది మీకే రావాలి కదా. మీరు పంపిన బిల్లులే కాక కొనుగోలుదారులు మీకు రాసిన ఉత్తరాలను కూడా ఇలాగే పంపదలచుకుంటే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. కవరు మీద వారి చిరునామా రాస్తే, వారి డొమైన్ పేరుతో మీ సర్వర్ పంపుతున్నట్టు అవతలివారికి కనిపిస్తుంది, ఒక డొమైన్ పేరుతో పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చూసే ఎస్‌పీఎఫ్ తనిఖీలో అది తప్పుతుంది.

మైనస్ టీ గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక కార్యాలయానికి మెయిల్ సర్వర్ చూసిపెట్టేవాడిని. ఫీజు బకాయిల నోటీసు ఒకటి 64 మందికి వెళ్ళింది, కొత్తగా వచ్చిన ఒక అధికారికి దాని ప్రతి కావలసివచ్చింది. నేను ఫైలు పైన కొత్త చిరునామాతో ఒక వరుస చేర్చి, మైనస్ టీతో పంపాను. తలకట్టులో రీసెంట్ టూ, అంటే 'మళ్ళీ పంపినది ఎవరికి', అనే వరుస ఉంటే సెండ్‌మెయిల్ పాత టూను వదిలేసి దానినే తీసుకుంటుందని నాకు తెలుసు, అది నిజం కూడా. కానీ ఆ రోజు నేను టైపు చేసినది రీసెంట్ టూ కాదు, రీసెండ్ టూ. చివరి అక్షరం టీ ఉండవలసిన చోట డీ పడింది. ఆ పేరుతో ఏ హెడరూ లేదు కనుక ప్రోగ్రామ్ దానిని పట్టించుకోలేదు, పాత టూ వరుసలోని 64 మందికీ బకాయి నోటీసు రెండోసారి పంపింది. అప్పటికే ఫీజు కట్టేసిన వారికి కూడా వెళ్ళింది. సాయంత్రం దాకా ఆ కార్యాలయంలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, సమాధానం చెప్పుకున్నది నేను కాదు, అక్కడ కూర్చున్న గుమాస్తా గారు. అప్పటి నుంచి మళ్ళీ పంపే పనిలో నేను మైనస్ టీ వాడలేదు.

ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. మైనస్ టీని, కమాండ్ చివర చిరునామాను కలిపి ఇస్తే ఏమవుతుందన్న దానిపై ప్రోగ్రామ్‌లకు ఏకాభిప్రాయం లేదు. పోస్ట్‌ఫిక్స్ ఇచ్చిన సెండ్‌మెయిల్ అయితే లోపలి చిరునామాలకు మీ చిరునామాను కలుపుతుంది. ఎగ్జిమ్ అనే మరో మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ అయితే, మామూలు అమరికలో, మీరు కమాండ్‌లో ఇచ్చిన చిరునామాను జాబితా నుంచి తీసివేస్తుంది. అంటే ఒకే వరుస ఒక సర్వర్ మీద అందరికీ పంపుతుంది, మరొక సర్వర్ మీద మీరు కోరినవారికి తప్ప మిగతావారికి పంపుతుంది. వేరే సర్వర్ ఉన్నవారు చెప్పిన కమాండ్‌ను అలాగే ఎత్తి రాసుకోకూడదని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు రీసెంట్ హెడర్ల సంగతి. పైన చెప్పిన ఒక్క వరుసతో ఉత్తరం చేరుతుంది, కానీ చేరినప్పుడు ఆడిటర్ గారికి ఒక సందేహం కలగవచ్చు: ఏప్రిల్ నాటి తేదీతో, ఎవరో హైదరాబాద్ వ్యాపారి పేరున ఉన్న బిల్లు నా పెట్టెలోకి ఎలా వచ్చింది? దీనికి సమాధానంగానే ఆర్‌ఎఫ్‌సీ 5322 మళ్ళీ పంపినవారు ఎవరో, ఎప్పుడో, ఎవరికో తలకట్టు పైన రాసుకునే వీలు కల్పించింది. రీసెంట్ డేట్, రీసెంట్ ఫ్రమ్ అనే రెండూ తప్పనిసరి. రీసెంట్ టూ, రీసెంట్ మెసేజ్ ఐడీ ఉంటే మంచిది. ఇవి సమాచారం కోసం మాత్రమేనని, ఇలా మళ్ళీ పంపడం ఫార్వర్డ్ చేయడం కంటే భిన్నమైన పని అని ఆ పత్రమే స్పష్టంగా చెబుతుంది. అసలు డేట్, ఫ్రమ్, టూ, మెసేజ్ ఐడీ ఎక్కడివక్కడే ఉండాలి. తేదీని చేత్తో రాయకండి, డేట్ కమాండ్‌కు మైనస్ పెద్ద ఆర్ ఇస్తే చివర ప్లస్ 0530తో సరైన రూపంలో అదే ఇస్తుంది.

ఈ వరుసలను ఉత్తరానికి అన్నిటికంటే పైన పెట్టాలి, వాటికీ పాత తలకట్టుకూ మధ్య ఖాళీ వరుస ఉండకూడదు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఖాళీ వరుస వల్ల వచ్చినవే. మెయిల్‌లో తలకట్టు ఎక్కడ ముగిసిందో చెప్పేది మొదటి ఖాళీ వరుసే. మీ స్క్రిప్టు నాలుగు రీసెంట్ వరుసలు రాసి, తెలియకుండా ఒక ఎంటర్ ఎక్కువ కొడితే, అసలు తలకట్టు మొత్తం ఉత్తరం ఒళ్ళోకి జారిపోతుంది. ఆడిటర్ గారికి సబ్జెక్ట్ లేని మెయిల్ వస్తుంది, లోపల రిసీవ్డ్, మెసేజ్ ఐడీ అన్న వరుసలు, వాటి కింద పీడీఎఫ్ బిల్లు బదులు పేజీల కొద్దీ అర్థంకాని అక్షరాల గుట్ట కనిపిస్తాయి. ఎంబాక్స్ పద్ధతిలో, అంటే అన్ని ఉత్తరాలనూ ఒకే ఫైలులో, దాచిన పాత ఫైళ్ళలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది: అక్కడ ప్రతి ఉత్తరం కోలన్ లేని ఫ్రమ్ అన్న మాటతో మొదలవుతుంది. అది హెడర్ కాదు, ఉత్తరాలను విడదీసే గీత మాత్రమే. దాని పైన రీసెంట్ వరుసలు పెడితే ఆ గీత తలకట్టు మధ్యలో పడి, తలకట్టు అక్కడే తెగిపోతుంది. అటువంటి ఫైళ్ళకు ప్రోక్‌మెయిల్‌తో వచ్చే ఫార్మెయిల్‌కు మైనస్ ఎస్ ఇస్తే ఒక్కొక్క ఉత్తరాన్నీ విడదీసి అందిస్తుంది. మీది మెయిల్‌డిర్ కనుక, ప్రతి ఉత్తరమూ విడి ఫైలే కనుక, మీకు ఆ అవసరం లేదు.

ఫైళ్ళను ఎంచుకోవడం దగ్గర కొంచెం ఓపిక పట్టండి. మెయిల్‌డిర్‌లో ఫైలు పేరు మొదట ఉండే పది అంకెలు ఆ ఫైలు పుట్టిన క్షణాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో చెబుతాయి. మన కాలమానం ప్రకారం 2025 ఏప్రిల్ 1 అర్ధరాత్రి, అంటే మీ ఆర్థిక సంవత్సరం మొదలైన క్షణం, 1743445800. పేరు ఆ అంకె కంటే పెద్దదిగా ఉన్న ఫైళ్ళే మీకు కావలసినవి. అయితే మధ్యలో ఎప్పుడైనా పాత సర్వర్ నుంచి పెట్టెలను కొత్త సర్వర్‌కు మార్చి ఉంటే ఈ అంకెలు మార్చిన రోజును చెప్పే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు డవ్‌కాట్‌తో వచ్చే డవ్‌అడ్మ్ సెర్చ్ కమాండ్‌లో సెంట్‌సిన్స్ అని తేదీ ఇచ్చి వెతకండి, అది ఉత్తరంలోని డేట్ హెడర్‌నే చూస్తుంది. రెండు పద్ధతుల్లోనూ లెక్క 312 వస్తేనే ముందుకు వెళ్ళండి. 309 వచ్చినా 315 వచ్చినా ఆ తేడా ఎక్కడిదో తేలేదాకా ఆగండి.

పంపే స్క్రిప్టు చాలా చిన్నది. ఎంచిన ఫైళ్ళ పేర్లు ఒక జాబితా ఫైలులో ఉంచుకోండి. వరుసగా ఒక్కో పేరు తీసుకుని, ప్రింట్‌ఎఫ్‌తో నాలుగు రీసెంట్ వరుసలు, వెంటనే క్యాట్‌తో ఆ ఫైలు, ఈ రెండింటినీ బ్రాకెట్లలో కలిపి పైప్ ద్వారా సెండ్‌మెయిల్‌కు అందించండి. అది తప్పు లేకుండా ముగిస్తేనే ఆ పేరును 'పంపినవి' అన్న రెండో ఫైలులో రాయించండి. మధ్యలో కరెంటు పోయినా, కనెక్షన్ తెగినా, ఎక్కడ ఆగారో ఆ ఫైలే చెబుతుంది, పంపినవి రెండోసారి పోకుండా కాపాడుతుంది. ఒక్కో ఉత్తరానికీ మధ్య 10 సెకన్లు ఆగమని స్లీప్ పెట్టండి. మొత్తం 52 నిమిషాలు పడుతుంది. పీడీఎఫ్ జతచేసిన మెయిళ్ళు ఒకే చిరునామాకు ఒక్క ఊపున వందలకొద్దీ వెళ్తే అవతలి సర్వర్ అనుమానించడం సహజం.

అన్నిటికంటే ముందు ఒక్క ఉత్తరాన్ని మీ సొంత చిరునామా ఒకదానికి పంపి చూసుకోండి. ఆ పరీక్షలో రెండు సంగతులు తప్పక చూడాలి. మొదటిది డీకిమ్ సంతకం, అంటే ఉత్తరం ఆ డొమైన్ నుంచే వచ్చిందని, దారిలో మారలేదని రుజువు చేసే గుర్తు. మీ సెంట్ ఫోల్డర్‌లో దాచినది సాధారణంగా సంతకం పడకముందు ప్రతి. సర్వర్ నుంచి బయటికి వెళ్ళేటప్పుడే ఓపెన్‌డీకిమ్ అనే ప్రోగ్రామ్ ఆ సంతకం వేస్తుంది. మామూలుగా మీ మెయిల్ ప్రోగ్రామ్ నుంచి 587 పోర్టు ద్వారా వచ్చే ఉత్తరాలకు ఆ సంతకం పడుతోంది. కానీ కమాండ్ లైన్‌లో సెండ్‌మెయిల్‌కు ఇచ్చిన ఉత్తరం ఆ దారిన రాదు, అందువల్ల పోస్ట్‌ఫిక్స్ అమరికలో ఎస్‌ఎంటీపీడీ మిల్టర్స్ అన్నదొక్కటే ఉంటే దీనికి సంతకం పడదు. నాన్ ఎస్‌ఎంటీపీడీ మిల్టర్స్ అన్న చోట కూడా అదే విలువ ఇవ్వాలి. రోజూ చక్కగా చేరే మెయిల్ స్క్రిప్టు నుంచి పంపితే మాత్రం స్పామ్‌లో పడుతోందని అడిగేవారికి నేను మొదట చూడమనేది ఈ వరుసనే.

రెండోది, మీరు అందుకున్న ఉత్తరాలను కూడా పంపేటట్లయితే, వాటిలో ఉన్న సంతకం అవతలివారిది. ఉత్తరం ఒంటిని, సంతకం కింద ఉన్న హెడర్లను అక్షరం కూడా మార్చకుండా ఉంచితే ఆ సంతకం ఆడిటర్ గారి దగ్గర కూడా చెల్లుతుంది. ఆయనకు గుర్తుగా ఉంటుందని సబ్జెక్ట్ ముందు ఏదో మాట చేర్చినా, కింద ఒక వరుస కలిపినా అది చెల్లదు. యాహూ 2014 ఏప్రిల్‌లోనే తన చిరునామాల పేరుతో వచ్చే చెల్లని ఉత్తరాలను నిరాకరించమని డీమార్క్ (తన పేరుతో వచ్చే మెయిల్‌ను అవతలి సర్వర్లు ఏం చేయాలో డొమైన్ చెప్పే పద్ధతి) ద్వారా ప్రకటించింది. అలాంటి డొమైన్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని మీరు ముట్టుకుని మళ్ళీ పంపితే ఆడిటర్ గారి దాకా చేరకపోవచ్చు. శీర్షికలో ఉత్తరాన్ని తాకవద్దన్నది అందుకే.

మీ బీసీసీల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌లు సెంట్ ఫోల్డర్ ప్రతిలో బీసీసీ వరుసను అలాగే ఉంచుతాయి. పోస్ట్‌ఫిక్స్ మామూలు అమరికలో బీసీసీ, రిటర్న్ పాత్ వరుసలను తనే తీసివేస్తుంది కనుక మీకు భయం లేదు. ఎగ్జిమ్ నడిపేవారు మాత్రం తామే తీసివేయాలి, లేకపోతే ఏ కొనుగోలుదారుకు చాటుగా ఎవరిని చేర్చారో మూడో మనిషికి తెలిసిపోతుంది.

సొంత సర్వర్ కాకుండా వ్యక్తిగత జీమెయిల్ ద్వారా పంపేవారికి ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఎంఎస్‌ఎంటీపీ వంటి ప్రోగ్రామ్‌తో పంపినా, ఆ ఖాతాకు చెందని చిరునామా ఫ్రమ్‌లో కనబడితే జీమెయిల్ దానిని ఖాతా చిరునామాతో మార్చేస్తుంది. మీరు కాపాడుకోవాలనుకున్నదే పోతుంది. ఆడిటర్ గారి పెట్టె జీమెయిల్‌లో ఉంటే మాత్రం ఇబ్బంది లేదు, ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఒకే మెసేజ్ ఐడీ ఉన్న రెండో ప్రతిని జీమెయిల్ విడిగా చూపించదు. కొన్ని బిల్లులకు ఆయన ముందే సీసీలో ఉండి ఉంటే, మీ లాగ్‌లో 312 వెళ్ళినా ఆయనకు కొత్తగా కనిపించేవి తక్కువ ఉండవచ్చు. అవి పోలేదు, పాత తేదీ కింద ముందే ఉన్నాయి. పైగా కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌లు డేట్ హెడర్‌ను బట్టి పేరుస్తాయి కనుక ఈరోజు చేరిన ఉత్తరాలు ఏప్రిల్‌లో ఎక్కడో కింద కూర్చుంటాయి. ఆయనకు ముందే ఫోన్ చేసి ఈ మాట చెప్పండి.

వెళ్ళాయో లేదో తేల్చవలసినది లాగ్ చూసి. సెండ్‌మెయిల్ తప్పు లేకుండా ముగిసిందంటే ఉత్తరం మీ సర్వర్ వరుసలో చేరిందని మాత్రమే అర్థం. మెయిల్ లాగ్‌లో ఆడిటర్ గారి చిరునామా ఉన్న వరుసల్లో స్టేటస్ సెంట్ అని, పక్కన బ్రాకెట్లో 250తో మొదలయ్యే జవాబు ఉన్నవాటిని లెక్కపెట్టండి. డిఫర్డ్ అని ఉంటే పోస్ట్‌ఫిక్స్ తనే మళ్ళీ ప్రయత్నిస్తుంది, మీరు రెండోసారి పంపకండి. బౌన్స్‌డ్ అని, అంటే తిరిగివచ్చిందని, ఉంటే కారణం ఆ వరుసలోనే ఉంటుంది. మీరు రీసెంట్ మెసేజ్ ఐడీ పెట్టి ఉంటే అది కూడా లాగ్‌లో పడుతుంది, ఏ ఫైలు ఏ వరుసో జతచేసుకోవడం తేలిక.

పది పదిహేను ఉత్తరాలే అయితే ఇంత శ్రమ అక్కరలేదు. టెర్మినల్‌లో నడిచే మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉత్తరం మీద బీ నొక్కితే బౌన్స్ (ఇక్కడ మళ్ళీ పంపడమని అర్థం) చేయాలా అని అడిగి, రీసెంట్ హెడర్లు తనే పెట్టి పంపుతుంది. పెద్ద టీతో కొన్నిటిని గుర్తుపెట్టి, సెమీకోలన్ తరువాత బీ నొక్కితే అన్నీ ఒకేసారి వెళ్తాయి. అలాంటిదే మరో ప్రోగ్రామ్ అయిన ఎస్ నెయిల్‌లో రీసెండ్ అన్న కమాండ్ ఇదే పని చేస్తుంది. అయితే అదే మాటను పెద్ద ఆర్‌తో రాస్తే రీసెంట్ హెడర్లు లేకుండా పంపుతుంది, మీకు కావలసినది చిన్న ఆర్‌దే.

ఇకనుంచి పంపే బిల్లుల కోసం ప్రతి నెలా ఈ పని చేయకండి. పోస్ట్‌ఫిక్స్‌లో సెండర్ బీసీసీ మ్యాప్స్ అన్న అమరిక ఉంది. బిల్లుల విభాగం చిరునామా ఎదురుగా ఆడిటర్ గారి చిరునామా రాసి, పోస్ట్‌మ్యాప్ నడిపి, పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేస్తే అక్కడి నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరానికీ ఒక ప్రతి ఆయనకు చేరుతుంది. కానీ దీనిని 312 ఉత్తరాలూ పంపడం పూర్తయ్యాకే అమర్చండి. ముందే అమరిస్తే, బిల్లుల విభాగం చిరునామానే మీరు మైనస్ ఎఫ్ తరువాత ఇచ్చి ఉంటారు కనుక, మీరు పరీక్ష కోసం మీకే పంపుకున్న ఉత్తరాలు కూడా ఆయనకు వెళ్తాయి.